పెరటి రేవు

లోర్నాకు చూపు తగ్గుతోందని నాకు తెలిసింది విక్టోరియా పార్కు వెనక, ఆమె పడవ మీదికి బొగ్గు బస్తాలు అందిస్తున్న రోజున. నేను బస్తా ఎత్తి ఇచ్చాను. ఆమె చేతులు చాచింది గానీ బస్తాకు జానెడు పక్కకి చాచింది. బస్తా కాస్తా మా రెండు పడవల మధ్య నీళ్లలో పడి బుడుంగుమంది.

"ఏమే ఐలీన్, చేతికి ఇవ్వడం కూడా రాకపోతే బొగ్గు వ్యాపారం ఎందుకే నీకు?" అంది నవ్వుతూ.

నేనూ నవ్వేశాను. కానీ లండన్ కాలువల మీద నేనూ మా ఆయన బర్నీ ఏళ్ల తరబడి బొగ్గూ గ్యాసూ డీజిలూ అమ్ముకుని బతుకుతున్నాం. పడవ నుంచి పడవకి బస్తా అందించడం మాకు అన్నం కలుపుకున్నంత అలవాటు. తప్పు నా చేతిది కాదని నాకు తెలుసు. రెండో బస్తా అందిస్తూ ఆమె ముఖం చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. నా చెవి పక్కన గాలిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచి చూస్తోంది.

లోర్నా ట్యాప్సెల్ అంటే కాలువ మీద తెలియనివాళ్లు తక్కువ. ఊళ్లో రెండంతస్తుల బస్సులు నడిపిన మనిషి. మొగుడితో తెగతెంపులయ్యాక ఇల్లు అమ్మి, తన వాటాకొచ్చినదానితో పడవ కొనుక్కుంది. పడవ పేరు మార్జరీ. పాత యజమాని తన భార్య పేరు పెట్టుకున్నాడు. పడవ పేరు మారిస్తే కీడని లోర్నా అలాగే ఉంచేసింది. "బస్సులో అయితే వెనకాల ఎనభైమంది అరుస్తుంటారు. ఇక్కడ నా వెనకాల బాతులు తప్ప ఎవరూ లేరు," అనేది. వంతెనల కింద, లాకుల్లో, ఎంత ఇరుకు సందులో దూరినా మార్జరీ పక్కల మీద ఒక్క గీత పడేది కాదు. ఆ రోజు మాత్రం ముక్కు దగ్గర ఎర్ర రంగు లేచిపోయి ఇనుము కనిపిస్తోంది.

"ఇదేంటే, వంతెనకి కొట్టావా?"

"వంతెనే నాకు కొట్టింది."

నేను వంగి, రంగు లేచిపోయిన చోటు వేలితో తడిమి చూశాను. కాసేపటికి ఆమే చెప్పింది. కంటి నడుమ మచ్చ పడిందట, రెండు కళ్లలోనూ. చుట్టూ అంచులు కనపడతాయి, సరిగ్గా ఎదురుగా ఉన్నది మాత్రం మాసిపోతుంది. మందు లేని రకమన్నాడట డాక్టరు. బస్సు కంపెనీ వాళ్లు పరీక్ష చేసి అంతకుముందు చలికాలమే ఇంటికి పంపేశారట. మాకెవరికీ చెప్పలేదు.

"ఇప్పుడు నువ్వు కనపడాలంటే నిన్ను చూడకూడదే ఐలీన్. నీ పక్కకి చూడాలి. చిత్రంగా లేదూ?"

చిత్రంగా ఏమీ లేదు. సొంత రేవు లేని పడవ రెండు వారాలకు మించి ఒకే చోట కట్టుకుని ఉండకూడదు. అది ఇక్కడి కాలువల రూలు. విప్పుకుని పోతూ ఉండాలి. ఉద్యోగమూ స్నేహితులూ ఉన్న ఊళ్లోనే ఉండాలంటే ఆ కాలువల మీదే అటూ ఇటూ తిరుగుతుండాలి. కళ్లున్నప్పుడు అది లోర్నాకు పండగలా ఉండేది. పొద్దున లేస్తే కిటికీలో కొత్త గట్టు, కొత్త వీధి. ఇప్పుడు కొత్త గట్టంటే కొత్త గొయ్యి. మంచినీళ్ల పంపు ఎక్కడుందో, గట్టు అంచు ఎక్కడ విరిగిందో, దుకాణానికి ఎన్ని మెట్లెక్కాలో కాలితో తడుముకుంటూ నేర్చుకోవాలి. నేర్చుకోవడం పూర్తయ్యేసరికి రెండు వారాలు అయిపోతాయి. మళ్లీ తాళ్లు విప్పాలి.

ఆ వసంతంలో ఆమె ఇస్లింగ్టన్ సొరంగంలోకి ఒంటరిగా వెళ్లింది. ఆ సొరంగంలో ఒకేసారి ఒక్క పడవే పడుతుంది. అటువైపు నుంచి దీపం రావడం లేదని చూసుకున్నాకే దూరాలి. లోర్నా చూసుకుంది. కానీ దీపం సరిగ్గా ఎదురుగా ఉంది, మచ్చ సరిగ్గా దాని మీద ఉంది. సొరంగం నడిమధ్యలో ఎదురుపడవతో ముక్కూ ముక్కూ కొట్టుకుంది. అవతలివాడు చీకట్లో గొంతు చించుకున్నాడు. "కళ్లు కనపడట్లేదా నీకు?" అని.

"తిడుతున్నాననుకున్నాడు పాపం," అంది లోర్నా నాతో. ఈసారి నవ్వలేదు. ఆ చీకట్లో వెనక్కి నడుపుకుంటూ బయటికి రావడానికి పట్టినంతసేపూ, రెండు గోడలూ పడవను నొక్కేస్తున్నట్టు అనిపించిందట. ఆ తర్వాత మళ్లీ ఒంటరిగా చుక్కాని పట్టుకోలేదు. పడవ కదిలించాల్సి వచ్చినప్పుడల్లా నేనో బర్నీయో వెళ్లేవాళ్లం. ఆమె ముక్కు దగ్గర నిలబడి తాళ్లు చూసేది.  తన బస్సులో తానే ప్రయాణికురాలిలా కూర్చున్నట్టుందనేది.

టాటెన్‌హామ్‌లో నీళ్లలో పడింది. గట్టు అంచున ఒక రాయి ఊడిపోయి ఉంది, కాలు అందులోకి పోయింది. నడుము లోతే కానీ నీళ్లు కోసేస్తున్నాయి. గట్టు పట్టుకుని పైకి లేవలేక కేకలేస్తుంటే వచ్చి లాగినవాడు టుండే. పడవల నంబర్లు రాసుకుంటూ గట్టు వెంట తిరిగే మనిషి అతను. ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు ఉన్నారో చూడటమే అతని ఉద్యోగం. అతన్ని చూస్తే మా వాళ్లందరూ తలుపులు వేసుకుంటారు. మనిషి మాత్రం మంచివాడు.

దుప్పటి చుట్టుకుని కూర్చున్న ఆమెకు టీ కాచిచ్చి, "మేడమ్, మీరు డాక్టరు దగ్గర ఒక కాగితం తెచ్చి ఇస్తే, ఒక చోట ఎక్కువ కాలం ఉండేలా ఆఫీసువాళ్లు చూస్తారండి. చూపు లేనివాళ్లకి, జబ్బు చేసినవాళ్లకి అలా ఇస్తారు," అన్నాడు.

"ఎవరయ్యా చూపు లేనివాళ్లు?"

అతను ఆమె తడి జోళ్లు తీసి పొయ్యి దగ్గరికి జరిపాడు.

తర్వాత నేను కూడా చెప్పి చూశాను. లోర్నా చిందులు తొక్కింది. "గుడ్డిదాన్ని బాబయ్యా, దయ చూపించండి అని రాసివ్వాలా నేను? సొంత రేవు ఒకటి సంపాదించుకుంటే ఎవడి దయా అక్కర్లేదు. నువ్వు వెతుకు, నేనూ వెతుకుతా."

వెతికాం. లండన్‌లో సొంత రేవు దొరకడమంటే మాటలు కాదు. కాలువ గట్టున ఖాళీ అయిన రేవుల్ని వేలం వేస్తారు. వేలంలో లోర్నా పాట మొదటి రోజు మధ్యాహ్నానికే మునిగిపోయేది. పడవలవాళ్లు పదిమంది కలిసి నడుపుకునే ఒక పాత సరుకుల రేవుకి వెళ్లాం. కమిటీ అంటూ ముగ్గురు కూర్చున్నారు. బిస్కెట్లు పెట్టారు. వంతులవారీగా గేటు కాపలా, మురుగు శుభ్రం, చెట్లు కొట్టడం చేయగలరా అని అడిగారు. చేస్తానంది లోర్నా, అడిగేవాళ్ల ముఖాల పక్కకి చూస్తూ.

"పేరు రాసుకుంటాం. కానీ ఇక్కడున్నవాళ్లలో ఎవరైనా పోతేనే ఖాళీ వస్తుందండి," అంది అందులో పెద్దావిడ.

"పోవడమంటే ఊరొదిలా, లోకమొదిలా?"

"ఇప్పటిదాకా అయితే లోకమొదిలే పోయారు," అంది ఆవిడ నిజాయితీగా.

అప్పుడు నాకు సిరిల్ ప్రౌట్ గుర్తొచ్చాడు. పడమటి వైపు ఆల్పర్టన్‌లో ఇళ్ల పెరళ్లు కొన్ని నేరుగా కాలువలోకి దిగుతాయి. జనం నడిచే గట్టు అటువైపు ఉంటుంది, పెరళ్లు ఇటువైపు. ప్రౌట్ పెరటి చివర చెక్కలతో కట్టిన చిన్న రేవు ఉంది. భార్య ఉన్నన్నాళ్లూ వాళ్లకో పడవ ఉండేది. ఆమె పోయాక అమ్మేశాడు. రేవు అనుమతికి డబ్బు మాత్రం ఏటా కట్టుకుంటూ వచ్చాడు, ఎందుకో. ఒక బడిలో పాతికేళ్లకు పైగా కాపలాదారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో పొయ్యికి బొగ్గు నా దగ్గరే కొనేవాడు.

అడిగితే చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఆడమనిషా? ఒక్కతేనా? కుక్కలున్నాయా?"

"ఒక్కతే. కుక్కల్లేవు."

"ఎవరైనా వస్తూ పోతూ ఉంటారా?"

"నేనొస్తుంటాను."

"నువ్వు నీళ్ల మీద నుంచి వస్తావుగా. దానికేం లేదు," అన్నాడు.

వేసవి మొదట్లో మార్జరీని తీసుకెళ్లి ఆ రేవుకు కట్టాను. ముడులు రెండుసార్లు వేసింది లోర్నా. కట్టాక పడవ పైకప్పు మీద అరచేయి ఆనించి, అది కదలదని నమ్మకం కుదిరేదాకా నిలబడింది. తర్వాత ఏడ్చింది. ముసలాయన కంగారుపడిపోయి లోపలికెళ్లి కేకు ముక్క తెచ్చాడు.

మొదటి రెండు నెలలూ ఆమెకంటే సుఖపడ్డవాళ్లు లేరు. ప్రౌట్ రేవు నుంచి ఇంటి పక్కనున్న గేటు దాకా గుంజలు పాతి తాడు కట్టాడు, పట్టుకుని నడవడానికి. రేవు అంచుకు తెల్లరంగు వేశాడు. లోర్నా తాడు పట్టుకుని, తర్వాత పట్టుకోకుండా, తర్వాత చేతిలో టీ కప్పుతో ఆ పెరడంతా తిరిగేది. గేటు దాటితే వీధి, వీధి చివర బస్సు. ప్రతి గురువారం పాత బస్సు డ్రైవర్లంతా ఒక పబ్బులో కలుస్తారు. లోర్నా అక్కడికి వెళ్లొచ్చేది. ఆ వేసవిలో నేనెప్పుడు అటు వెళ్లినా ఆమె పాట వినిపించేది.

పొద్దు కుంచించుకుపోతున్న కొద్దీ చిక్కు మొదలైంది. ప్రౌట్‌కు ఒక అలవాటుంది. చీకటి పడగానే ఇల్లు చుట్టూ తిరిగి అన్నీ తాళాలు వేస్తాడు. బడిలో అలవాటైన చేయి. పైగా ఒకసారి దొంగలు పడి భార్య నగలు పట్టుకుపోయారు. వేసవిలో చీకటి పడేసరికి లోర్నా తిరిగొచ్చేసేది కాబట్టి తెలియలేదు. చలికాలం వచ్చేసరికి సాయంకాలం టీ వేళకే గేటుకు గడియా తాళమూ పడిపోయాయి. మళ్లీ తెరిచేది తెల్లవారాకే. పెరటికి మూడువైపులా ఎత్తు గోడ, నాలుగో వైపు నీళ్లు.

"గురువారం నేను బయటికెళ్లాలి ప్రౌట్ గారూ. తాళంచెవి ఒకటివ్వండి," అంది లోర్నా. నేను గ్యాస్ బండ మారుస్తూ పక్కనే ఉన్నాను.

"ఒక్కటే ఉందమ్మాయ్."

"ఇంకోటి చేయించండి."

"రెండు చెవులుంటే అదేం తాళం?"

"మరి నేనెలా వెళ్లేది?"

"చీకట్లో వెళ్లడమెందుకు? నీకు పగలే సరిగా కనపడదు కదా." తప్పుగా అనాలని అనలేదు ఆయన. అదే కష్టం. కోపంగా అనుంటే లోర్నాకు జవాబు దొరికేది.

ఆ గురువారం వెళ్లలేదు. తర్వాతిది కూడా వెళ్లలేదు. ప్రౌట్ రోజూ పొద్దున్నే గేటు తెరిచి, టీ పట్టుకుని పడవ దగ్గరికి వచ్చేవాడు. ఆమె ఉత్తరాలు చదివి పెట్టేవాడు. చదివి ఊరుకోకుండా ఏం జవాబివ్వాలో కూడా చెప్పేవాడు. మధ్యాహ్నం సూపు తెచ్చేవాడు. పొయ్యి సరిగా మండుతోందా అని తొంగిచూసేవాడు. తన ఇంట్లోకి మాత్రం ఎన్నడూ రమ్మనలేదు. ఒకసారి నేను పడవ పక్కకి చేర్చుతుంటే రేవు మీద నిలబడి, "లోర్నా పడుకుంది, రేపు రా," అన్నాడు.

"పడుకోలేదే! ఎవరు పడుకున్నది?" అని లోపల్నుంచి అరిచింది లోర్నా.

ఆయన నొచ్చుకుని ఇంట్లోకి వెళ్లిపోయాక ఆమె వెనక డెక్ మీద కూర్చుంది. ఎదురుగా నీళ్లకు అవతల జనం గట్టున నడుస్తున్నారు. సైకిళ్లు గంటలు కొట్టుకుంటూ పోతున్నాయి. ఎవరో కుక్కను తిడుతున్నారు. ఒక రాయి విసిరితే తగిలేంత దూరం.

"అక్కడున్నన్నాళ్లూ ఇక్కడ ఉంటే బాగుండుననుకున్నాను," అంది. "నోట్లో మాట కూడా ఆయనే మాట్లాడేస్తున్నాడే. తాళం పడింది గేటుకే కాదు."

"విప్పుకుని పోదామా? ఇప్పుడే లాక్కుపోతాను నిన్ను."

ఆమె చేయి తనంతట తాను పోయి రేవు గుంజ మీద పడింది. "ఎక్కడికి పోతాం? మళ్లీ రెండు వారాలకో గట్టా? ఇక్కడ నేను పడిపోనే. పెరట్లో ప్రతి రాయీ తెలుసు నాకు." గుంజను తట్టి, "పైగా, తిడదామంటే సూపు కూడా బాగా చేస్తాడు దిక్కుమాలినోడు," అంది.

డిసెంబరులో తెలిసింది, పబ్బు స్నేహితులు ఇద్దరు ఆమె కోసం వీధి గుమ్మం దాకా వచ్చారని. జలుబు చేసిందని చెప్పి ప్రౌట్ పంపించేశాడు. ఒకావిడ ఫోను చేసి "ఎలా ఉందే జలుబు?" అని అడిగితే బయటపడింది. ఆ మధ్యాహ్నం సూపు గిన్నెతో సహా కాలువలోకి వెళ్లింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అలాగే టీ తెచ్చి రేవు మీద పెట్టి, "నీ మంచికే కదా," అని గొణుక్కుంటూ వెళ్లాడట. మూడో రోజు చలికి ఓడిపోయి టీ తాగేసిందట.

జనవరిలో కాలువ గడ్డకట్టింది. మా బొగ్గు పడవ సౌత్‌హాల్ వైపు మంచులో ఇరుక్కుపోయింది. ఒక పొద్దున లోర్నా ఫోను చేసింది.

"ఐలీన్, ముసలాయన రాలేదే. గేటు గడియ చప్పుడు కూడా వినపడలేదు. పిలిస్తే పలకడు. ఇంట్లో రేడియో మాత్రం మోగుతోంది."

బస్సు పట్టుకుని వెళ్లాను. వీధి తలుపు బాదాను. తలుపులో ఉత్తరాలు వేసే సందులోంచి పిలిచాను. లోపల రేడియోలో ఎవరో వంట గురించి మాట్లాడుతున్నారు, అంతే. అంబులెన్సుకు ఫోను చేశాను. మంచు మీద జారి పడ్డవాళ్లు ఊరంతా ఉన్నారు, వస్తాం, ఆలస్యమవుతుందన్నారు. పక్క గేటు నా తల కంటే ఎత్తు, పైన మేకులు. చేసేదేం లేక వంతెన మీదుగా చుట్టు తిరిగి అవతలి గట్టు మీదికి పరిగెత్తాను.

లోర్నా డెక్ మీద నిలబడి ఉంది. మా మధ్య బూడిదరంగు మంచు. పొరపాటున కాలు పెడితే విరిగిపోయేంత పలుచన.

"వచ్చావా? వాసనొస్తోంది బొగ్గు," అంది.

"ఎవరూ తలుపు తీయట్లేదే! అంబులెన్సు వస్తుందట!"

"ఎప్పుడు?"

ఆలస్యమవుతుందన్నారని అరిచాను. ఆమె లోపలికెళ్లి, లాకులు తిప్పే ఇనుప పిడి చేతిలో పట్టుకుని వచ్చింది. తాడు పట్టుకుని పెరట్లోకి నడిచింది. మంచు పేరుకున్న గడ్డి మీద ఒకసారి జారింది, తాడే కాపాడింది. ఇంత దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను, చేతులు కట్టేసినట్టు. ఆమె గోడ తడుముకుంటూ వంటింటి తలుపు దగ్గరికి చేరింది. ఒక్కసారి పిడి ఎత్తింది. అద్దం పగిలిన చప్పుడు కాలువ మీద ఇటునించి అటు మోగింది. చేయి లోపలికి పెట్టి గొళ్లెం తీసుకుంది, లోపలికి వెళ్లింది.

లోపల జరిగింది తర్వాత చెప్పింది. ఆ ఇంట్లోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఎక్కడ ఏముందో తెలియదు. కుర్చీలు, పెట్టెలు, పాత వార్తాపత్రికల కట్టలు. గోడ పట్టుకుని నడుస్తూ, "ప్రౌట్ గారూ!" అని పిలిచింది.

మెట్ల కింద నుంచి గొంతు వచ్చింది, చాలా నీరసంగా. "కాళ్లు తుడుచుకున్నావా?"

"మీ బొంద తుడుచుకున్నాను! ఎక్కడున్నారు?"

మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కదల్లేడు. వీధి తలుపు తీయాలంటే తాళంచెవులు ఆయన ప్యాంటు జేబులో, ఆయన కిందే ఉన్నాయి. లోర్నా మోకాళ్ల మీద కూర్చుని జేబులోకి చేయి పోనిచ్చింది. ఆయన నొప్పికి ఆమె మెడ పట్టుకుని అరిచాడు. గుత్తి బయటికొచ్చింది. అందులో బడి తాళాలు కూడా ఉన్నాయట, ఎందుకు ఉంచుకున్నాడో. ఆయన చెబుతుంటే ఒక్కోటీ వేలితో తడిమింది. పొడుగుది కాదు, రెండు పళ్లున్నది కాదు, ఉంగరం విరిగినది. పైన గడియ, కింద గడియ, మధ్యలో గొలుసు. అన్నీ తీసేసరికి నేను చుట్టు తిరిగి వీధి గుమ్మంలోకి వచ్చి రొప్పుతున్నాను. తలుపు తెరుచుకుంది. లోర్నా ముఖం నిండా చెమట, చేతి మీద అద్దం గీరుకుని నెత్తురు.

"ఆయనకి దుప్పటి కప్పు," అంది నా అలికిడి వినగానే.

అంబులెన్సు వచ్చి స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక ఆయన లోర్నా చేయి పట్టుకున్నాడు. "గేటు వేసెయ్ అమ్మాయ్. మర్చిపోకు."

"వేస్తాను," అంది.

వెయ్యలేదు. ఆ రోజంతా గేటు బార్లా తెరిచే ఉంది.

ప్రౌట్ మళ్లీ ఆ ఇంటికి రాలేదు. ఆసుపత్రి నుంచి ఆయన మేనకోడలు జిలియన్ సముద్రం పక్కనున్న తన ఊరికి తీసుకెళ్లిపోయింది. అక్కడ ఒక వృద్ధుల ఇంట్లో చేర్చింది. లోర్నా చేతిలో గుత్తి ఉంది ఇప్పుడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లొచ్చు, రావచ్చు. గురువారాలు పబ్బుకు వెళ్లింది. పైపులు గడ్డకట్టకుండా రోజూ ఇంట్లో పొయ్యి వెలిగించింది. ఆయనకు వారానికోసారి ఫోను చేసేది. "వాన వస్తే వంటింటి కిటికీ దగ్గర కారుతుంది, గిన్నె పెట్టు," అని ఆయన. "పెట్టానులెండి, మీరు తిన్నారా," అని ఈమె. సూపు కాలువలో పారేసిన సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఫిబ్రవరి చివర జిలియన్ వచ్చింది. పెద్దగా మాట్లాడే రకం కాదు, కానీ మర్యాద తెలిసినావిడ. మామయ్య ఖర్చులకు ఇల్లు అమ్మాలంది.

"అమ్ముకోండి. నేను రేవులో ఉంటాను," అంది లోర్నా.

"రేవు అనుమతి ఇంటితోనే పోతుందండి. కొనేవాళ్లు..." జిలియన్ ఇబ్బందిపడింది. "ఇళ్ల ఏజెంటు ఫొటోలు తీస్తానన్నాడు. పెరట్లోంచి నీళ్లు కనపడాలట. పడవ అడ్డమట."

లోర్నా గుత్తి తీసి బల్ల మీద పెట్టింది. ఎప్పటికి ఖాళీ చేయాలని మాత్రం అడిగింది. ఈస్టరు లోపల అంది జిలియన్.

ఆ సాయంత్రం నేను పడవలోకి వెళ్లేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది. లోర్నా కోటు వేసుకుని మంచం మీద కూర్చుంది. ఎటూ కదలడానికి లేదు, ఉండటానికీ లేదు అంది. కళ్లు ఇంకొంచెం మాసిపోయాయట, ఇప్పుడు పక్కకి చూసినా నా ముఖం కనపడటం లేదట, నా టోపీ మాత్రమే కనపడుతోందట. నేను పొయ్యి రాజేశాను. ఇద్దరం రొట్టె కాల్చుకుని తిన్నాం. 

చివరకు, "ఆ టుండే నంబరు నీ దగ్గరుందా?" అంది.

ఫోను చేసి ఇచ్చాను. అతను మరుసటి వారమే వచ్చాడు, పని అయ్యాక, తన దారి కాకపోయినా. డాక్టరు కాగితం ఎలా ఉండాలో చెప్పాడు. లోర్నా వెళ్లి రాయించుకుంది. డాక్టరు చదివి వినిపించాడట. "ఈమె ఒంటరిగా పడవ నడపలేదు" అనే చోట ఆపమని, మళ్లీ చదవమని అడిగిందట.

"ఎలా ఉంది?" అన్నాను.

"నిజంలా ఉంది," అంది.

ఆఫీసువాళ్లు కాస్త కాలం తీసుకున్నారు. ఈస్టరుకు ముందు గురువారం జవాబొచ్చింది. కెన్సల్ గ్రీన్‌లో, పాత గ్యాసు ఫ్యాక్టరీ గోడ పక్కన, ఒకే చోట ఏడాది ఉండొచ్చు. ఏడాది తర్వాత మళ్లీ చూస్తారు.

నేనే మార్జరీని నడిపాను. ఆల్పర్టన్ నుంచి అక్కడిదాకా లాకులు లేవు, నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. లోర్నా వెనక్కి తిరిగి పెరటి వంక చూడలేదు. చూసినా కనపడేది కాదనుకోండి. గట్టు మీద మేకులు కొట్టి తాళ్లు కట్టాం. ఒకవైపు ఎత్తైన ఇటుకల గోడ, నీళ్లకు అవతల శ్మశానం. సాయంత్రం దాకా ఆమె ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు నడుస్తూ గట్టును కాలితో తడిమింది. ఇక్కడ తాడు లేదు. పంపు వంతెన దగ్గర ఉంది, అంత దూరం వెళ్లడం నేర్చుకోవాలి. సైకిళ్లవాళ్లు గంట కొట్టకుండా దూసుకొస్తారు. వాళ్లను తిట్టడం మొదటి రోజే మొదలుపెట్టింది.

అయినా గేటు లేదు. పబ్బు స్నేహితులు గురువారాలు గట్టు వెంటే వచ్చి ఆమెను తీసుకెళ్తారు. కొన్నిసార్లు వెళ్తుంది, కొన్నిసార్లు పడవ వదిలి రాబుద్ధి కావట్లేదంటుంది. ఇల్లు అమ్ముడైపోయిందని జిలియన్ ఫోను చేసి చెప్పింది. ప్రౌట్ ఇప్పుడు ఫోనులో ఎక్కువ మాట్లాడలేడు. లోర్నానే మాట్లాడుతుంది, ఆయన వింటాడు.

మొన్న బొగ్గు వేయడానికి వెళ్లినప్పుడు టుండే కూడా గట్టు వెంట నంబర్లు రాసుకుంటూ వచ్చాడు. లోర్నా అడుగుల చప్పుడు పోల్చుకుని తలుపులోంచి బయటికొచ్చింది.

"ఏమయ్యా, వచ్చే మార్చిలో ఏమడుగుతారు? ఇంకా గుడ్డిదాన్నేనా అని అడుగుతారా?"

"అలా అనరు మేడమ్. 'పరిస్థితి మారిందా' అని ఉంటుంది కాగితంలో."

"మారకపోతే?"

"ఇంకో ఏడాది ఇస్తారనుకుంటానండి. నేను కచ్చితంగా చెప్పలేను."

"సరే పో, నా నంబరు రాసుకుని పో," అంది. అతను రాసుకున్నాడు. లోర్నా చేతులు చాచింది. నేను బస్తాను నేరుగా ఆమె రొమ్ముకు ఆనించి, రెండు చేతులూ పూర్తిగా మూసుకున్నాక వదిలాను.